ఒకే డాబా మీద రెండు రిగ్గులు: హ్యామ్ రేడియో ప్రశ్నలూ జవాబులూ

లైసెన్సు తీసుకుని సొంత రేడియోతో మాట్లాడుకునే హ్యాములు ఈ నెల రాసిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. నేను మాట్లాడితే పక్క రిగ్గు (పంపడానికీ వినడానికీ వాడే రేడియో సెట్టు) వాడికి వినపడట్లేదు, వాడు మాట్లాడితే నాకు వినపడట్లేదు, ఏం చెయ్యమంటారు అని. కారణం తెలుస్తూనే ఉంది, అక్టోబరులో స్కౌట్లు హ్యామ్ రేడియోలో పలకరించుకునే రేడియో జాంబోరీ ఉంది కాబట్టి బళ్ళలోనూ కాలేజీల్లోనూ ఒక్క రిగ్గుతో సరిపెట్టుకునేవాళ్ళు రెండు మూడు పెట్టుకుంటున్నారు. సంతోషమే. కానీ రాసినవాళ్ళందరూ ఏ ఫిల్టరు కొనాలి, ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు తప్ప, తప్పు ఏ రేడియోది అని ఒక్కరూ అడగలేదు. చేలో నీళ్ళు నిలవకపోతే మన గట్టుకి ఎండ్రకాయ బొక్క పడిందా, కింద చేనువాడు మడవ తీశాడా అని చూడకుండా మట్టి తట్ట ఎత్తుకుని పరిగెత్తం కదండీ. ఇదీ అంతే. అందుకే ఈసారి ట్యూనర్లూ బ్యాటరీలూ అంటూ వచ్చిన మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి దీని సంగతే చూద్దాం.

ప్రశ్న: మా క్లబ్బులో రెండు 100 వాట్ల రిగ్గులున్నాయి. గ్రౌండులో కొబ్బరి చెట్లకీ సరుగుడు బాదులకీ కట్టి 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్) డైపోలు (మధ్యలో కేబుల్ తగిలించిన తీగ యాంటెన్నా) ఒకటి, దానికి సమాంతరంగా 25 మీటర్ల అవతల 20 మీటర్ల బ్యాండు (14 మెగాహెర్ట్జ్) డైపోలు ఒకటి పెట్టాం. 40 మీద పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కగానే 20 రిగ్గులో ఎస్ మీటరు (సిగ్నల్ బలం చూపేది) ముల్లు చివరికంటా పోతుంది, ఇంకేమీ వినపడదు. ఎంత దూరం జరిపితే పోతుంది? ఏ ఫిల్టరు కొనాలి?
కాలేజీ హ్యామ్ క్లబ్బు విద్యార్థులు, అమలాపురం

జవాబు: ముందు ఒక లెక్క వేద్దాం, అప్పుడు మీ రిసీవరు మీద మీకే జాలి వేస్తుంది. 10 డీబీ (డెసిబెల్) తగ్గడం అంటే పవరు పదో వంతు అవడం, 20 అంటే వందో వంతు, 30 అంటే వెయ్యో వంతు. మీ రెండు డైపోల్స్ మధ్య 30 డీబీ నష్టం ఉందనుకోండి. 100 వాట్లలో వెయ్యో వంతు, అంటే 100 మిల్లీవాట్లు నేరుగా 20 రిగ్గు నోట్లో పడుతోంది. 50 ఓమ్‌ల మీద అది 2.2 వోల్టులు. మనం బాగా గట్టిగా వస్తోంది అనుకునే ఎస్ 9 సిగ్నల్ 50 మైక్రోవోల్టులు. అంటే ఎస్ 9 కి దాదాపు 45 వేల రెట్లు వోల్టేజి. చెవి దగ్గర డప్పు వాయిస్తూ అవతలి వీధిలో ఎవరో గొణిగింది వినమన్నట్టు ఉంది మీ రిసీవరు పని.

దూరం జరిపితే పోతుందా అంటే, దూరం రెట్టింపు చేసినప్పుడల్లా 6 డీబీ తగ్గుతుంది, అంతే. 25 మీటర్లని 50 చేస్తే 6, 100 చేస్తే 12. మీ గ్రౌండు దాటి కాలువ గట్టు దాకా పోయినా ఫిల్టరు చేసే పని దూరం చెయ్యలేదు. కుదిరినంత జరపండి గానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి.

ఇక తప్పు ఎవరిదో తేల్చుకోవాలి. దొంగలు ముగ్గురే. ఒకటి, 40 ట్రాన్స్‌మిటరు శుభ్రంగానే ఉంది, దాని బలానికి 20 రిసీవరు ముందు భాగం మూర్ఛపోతోంది. దీన్ని డెసెన్స్ అంటారు. రెండు, 40 ట్రాన్స్‌మిటరు తన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర కూడా కొంచెం వదులుతోంది, అది హార్మోనిక్కు. మూడు, ఆ ట్రాన్స్‌మిటరు చుట్టుపక్కలంతా సన్నగా బుస్సుమనే నాయిస్ కక్కుతోంది. మొదటిదానికి మందు రిసీవరు దగ్గర వెయ్యాలి, మిగతా రెండింటికీ ట్రాన్స్‌మిటరు దగ్గర వెయ్యాలి. అటుది ఇటు వేస్తే డబ్బులు దండగ.

తేల్చుకోవడానికి ఏమీ కొనక్కర్లేదు. 40 వాళ్ళని 5 వాట్లతో మొదలుపెట్టమనండి, నేరుగా 100 తో పరీక్ష చేసి రిసీవరు కాల్చుకున్నవాళ్ళున్నారు. 20 రిగ్గులో ఏదో ఒక స్టేషను పట్టుకుని ఉండండి. 40 వాళ్ళు నొక్కినప్పుడు మీ రిగ్గు మీద ఎటెన్యుయేటర్ బటన్ నొక్కండి, అది సాధారణంగా 10 లేదా 20 డీబీ తగ్గిస్తుంది. మీకు కావాల్సిన స్టేషను కొంచెమే తగ్గి గోల మాత్రం దానికి రెండు మూడింతలు డీబీలు తగ్గిపోయినా, లేక మాయమైన స్టేషను ఎటెన్యుయేటర్ వేశాక తిరిగి బయటికి వచ్చినా, మీ రిసీవరే తట్టుకోలేకపోతోందన్నమాట. అలా కాకుండా గోలా స్టేషనూ రెండూ సమానంగా తగ్గాయంటే, ఆ గోల నిజంగానే 14 మెగాహెర్ట్జ్ మీద గాల్లో వస్తోంది. అప్పుడు మీ రిగ్గుకి బంగారు ఫిల్టరు తొడిగినా లాభం లేదు, 20 బ్యాండులోకి వచ్చేదాన్ని 20 ఫిల్టరు ఎందుకు ఆపుతుంది?

గాల్లో వచ్చేది హార్మోనిక్కా నాయిసా అన్నది ఇంకా తేలిక. 40 వాళ్ళు 7.075 మీద ఉంటే మీరు సరిగ్గా 14.150 కి వెళ్ళి చూడండి. వాళ్ళని 5 కిలోహెర్ట్జ్ పైకి జరగమనండి. అది మీ దగ్గర 10 కిలోహెర్ట్జ్ జరిగితే హార్మోనిక్కే. అలా ఒకచోట కాకుండా బ్యాండంతా బుస్సుమని, వాళ్ళ మాటతో పాటు లేస్తూ పడుతూ ఉంటే నాయిస్. ఇంకో పరీక్ష, 40 రిగ్గుకి యాంటెన్నా తీసేసి డమ్మీ లోడ్ (పవరుని గాల్లోకి వదలకుండా వేడిగా మార్చేసేది) పెట్టి నొక్కమనండి. గోల అయినా పోలేదంటే అది యాంటెన్నాల దారిన కాదు, రెండు రిగ్గులకీ కలిపి పెట్టిన పవర్ సప్లై దారినో, పక్కపక్కన కట్టకట్టిన కోయాక్సుల (యాంటెన్నాకి వెళ్ళే కేబుళ్ళ) దారినో వస్తోంది. క్లబ్బుల్లో ఇది చాలా మామూలు, ఒకే టేబులు, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు, కేబుళ్ళన్నీ అందంగా ఒక కట్ట. ఆ అందం వద్దు. కేబుళ్ళు విడివిడిగా పోనివ్వండి, దాటాల్సివస్తే అడ్డంగా దాటించండి, వీలైతే ఒక రిగ్గుని బ్యాటరీ మీద నడపండి. రెండు కోయాక్సులకీ డైపోలు దగ్గర ఒకటి, రిగ్గు దగ్గర ఒకటి ఫెర్రైట్ రింగు చోకులు (ఆ రింగు మీద కేబుల్ చుట్టి చేసేవి) పెట్టండి, 31 రకం పెద్ద రింగు మీద పది పన్నెండు చుట్లు. కోయాక్స్ పైతొడుగు మీద పారే కరెంటు ఆగకపోతే మీ డైపోలు డైపోలు కాదు, ఫీడరు (ఆ కోయాక్సు) కూడా యాంటెన్నానే.

మీరు చేసిన ఒక పొరపాటు ఉత్తరంలోనే కనిపించింది. డైపోల్స్ సమాంతరంగా కట్టారు. డైపోలు పక్కలకి బాగా పంపుతుంది, కొసల వైపు తక్కువ. అంటే రెండింటినీ ఒకదాని ముఖం ఒకటి చూసేట్టు నిలబెట్టారు. రెండూ ఒకే వరసలో, రైలు పెట్టెల్లా కొసకి కొస వచ్చేట్టు కట్టండి. 40 డైపోలు 20 మీటర్లు, 20 డైపోలు 10 మీటర్లు, మధ్యలో 25 మీటర్ల ఖాళీ, మొత్తం 55 మీటర్లు. మీ గ్రౌండులో పడుతుంది. (ఈ లెక్కలో బ్యాండు మీటర్లు వేరు, తాడు మీటర్లు వేరు, కొత్త పిల్లల్ని కంగారు పెట్టకండి.)

ఇప్పుడు కొనకుండా చేసుకునే ఫిల్టరు చెప్తాను, నాకు మహా ఇష్టమైనది. ఆర్‌జీ 58 గానీ ఆర్‌జీ 213 గానీ, లోపల గట్టి పాలిథిలీన్ ఉన్న కోయాక్సు, ఒక్కొక్కటి 7 మీటర్లకి కాస్త ఎక్కువగా రెండు ముక్కలు కొయ్యండి. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర గాల్లో పావు తరంగం 10.56 మీటర్లు, ఈ కేబుల్లో వేగం 0.66 వంతు కాబట్టి 6.97 మీటర్లు. ఒక ముక్క కొసలో లోపలి తీగనీ దాని చుట్టూ అల్లిన జల్లెడనీ కలిపి టంకం పెట్టండి, దాన్ని టీ కనెక్టరుతో 40 రిగ్గు వెనకాల తగిలించండి. 7 దగ్గర అది ఉందో లేదో అన్నట్టు ఉంటుంది, 14 దగ్గర మాత్రం షార్టు కొడుతుంది, హార్మోనిక్కు అక్కడే చచ్చిపోతుంది. రెండో ముక్క కొస కలపకుండా వదిలేసి టేపు చుట్టండి, దాన్ని 20 రిగ్గు వెనకాల తగిలించండి. ఇది 7 దగ్గర షార్టు, 14 దగ్గర లేనట్టు, కాబట్టి 40 వాళ్ళ బలం మీ రిసీవరు దాకా రాదు. పొడవు రెండింటికీ ఒకటే, కొసలో ముడి ఉండటం లేకపోవడమే తేడా. పొరపాటున తారుమారు చేస్తే 40 రిగ్గు ఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కి తిరిగొచ్చే పవరు కొలత) ఆకాశానికి వెళ్తుంది, అందుకని మీద స్కెచ్ పెన్నుతో రాసుకోండి. కోత ఒకేసారి కొయ్యొద్దు, నానో వీఎన్ఏ (ముక్క ఏ ఫ్రీక్వెన్సీకి సరిపోయిందో చూపే చిన్న పరికరం) పెట్టి చూస్తూ సెంటీమీటరు సెంటీమీటరు తగ్గించుకుంటూ రండి. మంచి కేబులైతే ఇలా తగిలించిన ఒక్కో ముక్క, అంటే స్టబ్బు, 20 నుంచి 30 డీబీ దాకా లాగేస్తుంది. ఫోమ్ కోయాక్సు అయితే పొడవు మారుతుంది, వేగం అంకె చూసి లెక్క కట్టుకోవాలి.

ఇదంతా చేశాక కూడా మిగిలిందంటే అప్పుడు బ్యాండ్ పాస్ ఫిల్టర్లు (ఒక్క బ్యాండుని పోనిచ్చి మిగతావి ఆపేవి) కొనండి, రిగ్గుకొకటి, ఏ రిగ్గు ఏ బ్యాండులో ఉంటే ఆ బ్యాండుది. రిగ్గుకీ యాంటెన్నాకీ మధ్య పెడతారు కాబట్టి ఒక్కటే రెండు పనులూ చేస్తుంది, పంపేటప్పుడు చెత్త బయటికి పోకుండా, వినేటప్పుడు పక్కవాడి బలం లోపలికి రాకుండా. ఒక్క హెచ్చరిక. రెండు రిగ్గులూ 20 లోనే ఉంటే ఏ బ్యాండ్ పాస్ ఫిల్టరూ పనికిరాదు, వంతులు వేసుకోండి. 40, 15 మీటర్ల (21 మెగాహెర్ట్జ్) బ్యాండుల జంట కూడా చూసుకుని పెట్టుకోండి, 7.1 కి మూడు రెట్లు 21.3, పైగా 40 డైపోలు 15 లో కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది కాబట్టి ఆ హార్మోనిక్కుకి ఎర్రతివాచీ పరిచినట్టే.

ప్రశ్న: నాకు 400 వాట్ల యాంప్లిఫయరు ఉంది. బ్యాండ్ పాస్ ఫిల్టరు దాని ముందు పెట్టాలా వెనక పెట్టాలా?
ఒక పాఠకుడు, తణుకు

జవాబు: 100 వాట్ల ఫిల్టరైతే రిగ్గుకీ యాంప్లిఫయరుకీ మధ్యనే. వెనక పెడితే వాసన వచ్చాక తెలుస్తుంది. కానీ యాంప్లిఫయరు కూడా సొంతంగా హార్మోనిక్కులు తయారుచేస్తుంది, వాటిని ముందున్న ఫిల్టరు ఏమీ చెయ్యలేదు, కాబట్టి పైన చెప్పిన స్టబ్బు దాని వెనక పెట్టుకోండి. 400 వాట్లకి ఆర్‌జీ 58 వద్దు, 213 తీసుకోండి.

ప్రశ్న: మా వీధిలో రెండిళ్ళ అవతల ఇంకో హ్యామ్ ఉన్నారు. ఆయన 145 మెగాహెర్ట్జ్ మీద 50 వాట్లతో మాట్లాడితే నా హ్యాండీ (చేతి రేడియో) మూగదవుతుంది, ఆయన వేరే ఫ్రీక్వెన్సీలో ఉన్నా సరే. నేను ఈ మధ్యే డాబా మీద మంచి వర్టికల్ (నిలువు యాంటెన్నా) పెట్టుకుని హ్యాండీని దానికి కలిపాను. అప్పటినుంచే ఎక్కువైంది. ఆయన రేడియోలో లోపం ఉందని చెప్తే ఆయన ఒప్పుకోవట్లేదు, మాటా మాటా వచ్చింది.
ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఆయన ఒప్పుకోకపోవడమే న్యాయం అనుకుంటాను, కోప్పడకండి. చవక హ్యాండీల్లో ముందు ఫిల్టర్లు పేరుకే ఉంటాయి. దానికి ఉన్న రబ్బరు కొమ్ము చెవిటి యాంటెన్నా కాబట్టి ఇన్నాళ్ళూ బతికింది. మీరు డాబా మీద వర్టికల్ తగిలించగానే దూరపు స్టేషన్లతో పాటు ఆయన 50 వాట్లు కూడా పదింతలు ఎక్కువగా లోపలికి వచ్చాయి. ఇవాళే ఒక పని చెయ్యండి, ఆయన మాట్లాడుతుండగా హ్యాండీకి మళ్ళీ రబ్బరు కొమ్ము పెట్టి వినండి. బాగా వినిపిస్తే కేసు కొట్టేసినట్టే, నేరం హ్యాండీదే. సెకండ్ హ్యాండులో అయినా కారుల్లో పెట్టుకునే మొబైల్ రిగ్గు ఒకటి కొనుక్కోండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇద్దరూ 144 నుంచి 146 లోపలే ఉన్నారు కాబట్టి మామూలు ఫిల్టరు ఆయన్ని ఆపి మీ స్టేషన్ని వదలదు. రిపీటర్లలో (అందుకున్న మాటని వెంటనే మళ్ళీ పంపే స్టేషన్లలో) 600 కిలోహెర్ట్జ్ తేడాలో ఒకేసారి వింటూ పంపుతారు కదా అంటారేమో, దానికి బిందెలంత క్యావిటీ ఫిల్టర్లు వాడతారు, అవీ ఒక్క ఫ్రీక్వెన్సీకే బిగించి ఉంచుతారు. మీకు కుదరదు. కుదిరేది ఎత్తు. వర్టికల్ యాంటెన్నాలు ఒకదాని నెత్తిన ఒకటి ఉంటే ఒకదానికొకటి పెద్దగా కనపడవు. ఈ బ్యాండులో 3 మీటర్లు నిట్టనిలువుగా విడదీస్తే వచ్చే లాభం, అదే ఎత్తులో పక్కకి దాదాపు 15 మీటర్లు జరిపితే గానీ రాదు. రెండిళ్ళ అవతలికి ఇది అచ్చంగా వర్తించదు గానీ, ఒకే పైపు మీద రెండు యాంటెన్నాలు పెట్టుకునే వాళ్ళు దీన్ని మర్చిపోకూడదు. మీకైతే ఒక వైపుకే ఎక్కువగా వినే చిన్న యాగీ యాంటెన్నా మేలు, దాని వీపు ఆయన ఇంటి వైపు వచ్చేట్టు తిప్పుకోండి.

ఆయన్ని ఒక్కటే అడగండి, ఊళ్ళోవాళ్ళతో మాట్లాడేటప్పుడు 5 వాట్లకి తగ్గించమని. 50 నుంచి 5 అంటే 10 డీబీ, మీ హ్యాండీకి ప్రాణం లేచొస్తుంది. ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడు లోపం మీదే అని చెప్పి అడగండి, కాఫీ కూడా వస్తుంది. మన గోదావరి జిల్లాల్లో మర్యాదగా అడిగితే "ఆయ్, దానికేం అండి" అనని మనిషి అరుదు.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర. నా దగ్గర ఉన్నది ఒక్కటే రిగ్గు, నేను 40 లో మాట్లాడితే మా ఇంట్లోనే ఉన్న రెండో రిసీవరులో 20 లోనూ 15 లోనూ గరగరమంటుంది. రిగ్గు బాగుచేసేవాళ్ళకి చూపిస్తే హార్మోనిక్కులేం లేవు, శుభ్రంగా ఉంది అన్నారు. విచిత్రం ఏమిటంటే వాన పడిన రోజు గోల తగ్గుతుంది, గాలి వేస్తే పెరుగుతుంది.
ఒక పాఠకుడు, సఖినేటిపల్లి మండలం

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే ఈ రోగం నాకూ వచ్చింది, నాలుగు నెలలు తిరిగాను. రిగ్గు మార్చాను, కేబుల్ మార్చాను, చెయ్యని పని లేదు. ఒకరోజు మా ఆవిడ డాబా మీద తడిబట్టలు ఆరేస్తోంది, కింద నేను సీడబ్ల్యూ (మోర్స్ కోడు) పంపుతూ ఇంకో రిసీవరు 21 దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ దండెం మీద దుప్పటి విసిరినప్పుడల్లా గోల ఆగిపోతోంది, దులిపినప్పుడల్లా గరగర. పరిగెత్తుకెళ్ళి చూస్తే, దండానికి కట్టిన జీఐ తీగ పిట్టగోడలోంచి పొడుచుకొచ్చిన ఇనుప ఊచకి చుట్టి ఉంది, ఆ ముడి పూర్తిగా తుప్పు. నైలాను తాడు కట్టాను. అంతే, పోయింది. నాలుగు నెలల పరిశోధనకి ఖర్చు ఒక తాడు.

జరిగేది ఏమిటంటే, రెండు లోహాల మధ్య తుప్పు పొర డయోడులా (కరెంటుని ఒక వైపే పోనిచ్చే భాగంలా) పనిచేస్తుంది. మీ ట్రాన్స్‌మిటరు పంపిన 7 మెగాహెర్ట్జ్ ఆ తీగలో కరెంటుగా పారి, తుప్పు ముడి దగ్గర వంకరై, 14, 21, 28 గా మళ్ళీ బయటికి వస్తుంది. అంటే మీ హార్మోనిక్కు రిగ్గులో కాదు, పెరట్లో పుడుతోంది. ఇక రెండు రిగ్గులు ఒకేసారి నడిస్తే ఆ ముడి రెండింటినీ కలిపి కొత్త ఫ్రీక్వెన్సీలు కూడా తయారుచేస్తుంది. ఒకరు 7.060, ఒకరు 14.200 మీద ఉన్నారనుకోండి, కూడితే 21.260, తీసేస్తే 7.140, రెండూ మన బ్యాండుల్లోనే పడ్డాయి. దీనికి రిగ్గుల్లో ఎన్ని ఫిల్టర్లు పెట్టినా ఆగదు, ఎందుకంటే ఫిల్టరు దాటాక పుట్టింది కదా. రెండు ఫ్రీక్వెన్సీలూ తెలిస్తే కూడికా తీసివేతా చేసి చూసుకోండి, గోల సరిగ్గా ఆ చోట పడితే దొంగ దొరికినట్టే.

ఉప్పు గాలి తగిలే ఊళ్ళలో ఈ డయోడులు చెట్టుకొకటి కాస్తాయి. వెతకాల్సినవి: రేకుల షెడ్డు బోల్టులు, పాత టీవీ యాంటెన్నా గొట్టం, గేటు కీళ్ళు, కోళ్ళ గూడు మెష్, కొబ్బరి చెట్టుకి ఎలకలు ఎక్కకుండా చుట్టిన రేకు, మీ సొంత యాంటెన్నా పడిపోకుండా లాగి కట్టిన గై తీగలు. వానకి తగ్గడం, గాలికి పెరగడం దీని ముఖ్య లక్షణం, కాబట్టి మీ రోగ నిర్ణయం మీరే సగం చేశారు. తక్కువ వాట్లతో ఎవరిచేతనైనా పంపిస్తూ, బ్యాటరీ రిసీవరు 14 మీద పెట్టుకుని, ఎండిన వెదురు కర్రతో ఒక్కోదాన్ని తట్టుకుంటూ పొండి. తట్టగానే ఏది గరగరమంటే అదే. కరెంటు తీగల జోలికి మాత్రం పోకండి, యాంటెన్నా తీగ చివర్లు కూడా పంపేటప్పుడు ముట్టుకోకండి.

దొరికాక రెండే మార్గాలు, గీకి శుభ్రంగా కలిపి గ్రీజు పెట్టి గట్టిగా బిగించడం, లేదా మధ్యలో ప్లాస్టిక్కో తాడో పెట్టి అసలు తగలకుండా చెయ్యడం. సగం తగలడమే రోగం. మీ డైపోలు మధ్య కనెక్షన్ కూడా ఏడాదికోసారి దింపి చూడండి, కొబ్బరి దింపు తీయించే రోజున చెట్టెక్కే మనిషి ఎలాగూ వస్తాడు.

ప్రశ్న: మా ఇంటి చుట్టూ రొయ్యల చెరువులే. రాత్రి 80, 40 బ్యాండుల్లో ఎస్ 9 దాకా జుయ్యిమని మోత. పక్క ఊళ్ళో ఒక హ్యామ్ ఉన్నాడు, ఆయన వల్లేనా?
ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: పాపం ఆయన్ని వదిలెయ్యండి. హ్యామ్ అన్నవాడు రాత్రంతా ఆగకుండా మాట్లాడడు. బ్యాటరీ మీద రిగ్గు పెట్టి ఇంటి మెయిన్ ఆపి చూడండి. మోత పోతే మీ ఇంట్లోనే ఏదో ఎల్ఈడీ బల్బు డ్రైవరో ఫోను ఛార్జరో ఇన్వర్టరో. పోకపోతే ఒక పాకెట్ రేడియో మీడియం వేవ్‌లో స్టేషను లేని చోట పెట్టుకుని గట్ల వెంట నడవండి, ఏరేటర్ల మోటార్లకి స్పీడు తగ్గించే డ్రైవులు పెట్టినచోట పెద్దగా మోగుతుంది. మామూలుగా నేరుగా తిరిగే మోటారు ఇంత గోల చెయ్యదు. చెరువు ఆసామికి ఫెర్రైట్ రింగులు మీరే కొనిచ్చి మోటారు కేబుల్‌కి తొడిగించండి. రాత్రిపూట ఏరేటరు ఆపమని మాత్రం అడగకండి, ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు తేలితే మీ లైసెన్సు కూడా మిమ్మల్ని కాపాడదు.

ప్రశ్న: వరదల్లో లంక ఊళ్ళకి కబుర్లు అందించడానికి ఏటిగట్టు దగ్గర ఒక డాబా ఇస్తామన్నారు. 12 మీటర్ల పొడవే ఉంది. దాని మీద హెచ్ఎఫ్ (40, 20 లాంటి 30 మెగాహెర్ట్జ్ లోపలి బ్యాండులు) ఒకటి, 145 మెగాహెర్ట్జ్‌లో వీహెచ్ఎఫ్ ఒకటి, వీలైతే 435 లో ఇంకోటి (యూహెచ్ఎఫ్) పెట్టాలి. ఒకదాన్నొకటి మింగెయ్యకుండా ఎలా?
ఒక పాఠకుడు, పి.గన్నవరం

జవాబు: మంచి పని. 1986 ఆగస్టు వరదనీ, 1996 నవంబరు 6 తుపాను రాత్రినీ చూసినవాళ్ళెవరికీ ఈ ఏర్పాటు ఎందుకో చెప్పక్కర్లేదు. తుపాను మర్నాడు కోనసీమలో కొబ్బరి చెట్లు పడున్న తీరు చూసినవాణ్ణి, అందుకే చెప్తున్నాను, యాంటెన్నాకి చెట్టుని నమ్ముకోకండి, డాబా మీద జీఐ పైపు పాతుకోండి.

హెచ్ఎఫ్‌కీ వీహెచ్ఎఫ్‌కీ ఫ్రీక్వెన్సీలో చాలా దూరం కాబట్టి ఈ జంట తేలిక. హెచ్ఎఫ్ రిగ్గు వెనక 30 మెగాహెర్ట్జ్ వరకే పోనిచ్చే లో-పాస్ ఫిల్టరు, వీహెచ్ఎఫ్ రిగ్గు వెనక అంతకు పైవే పోనిచ్చే హై-పాస్ ఫిల్టరు పెడితే చాలావరకు సద్దుమణుగుతుంది. హెచ్ఎఫ్ డైపోలు అడ్డంగా కట్టండి, మధ్యలో ఎత్తుగా రెండు కొసలూ కిందికి దిగే వి ఆకారంలో అయినా సరే, 40 ది కొసలు డాబా దాటి బయటికి లాగాల్సి వస్తుంది. వీహెచ్ఎఫ్ వర్టికల్ పైపు కొసన. ఒకటి అడ్డం ఒకటి నిలువు ఉంటే లెక్కప్రకారం 20 డీబీ దాకా విడిపోతాయి, డాబా మీద అంత రాకపోయినా ఎంతో కొంత వస్తుంది, పైసా ఖర్చు లేదు.

నాకు భయం 145, 435 జంట మీద. 145 కి మూడు రెట్లు సరిగ్గా 435. వీహెచ్ఎఫ్ మూడో హార్మోనిక్కు యూహెచ్ఎఫ్ చెవిలో పడుతుంది. 145.000 చుట్టూ వాడకుండా కాస్త జరగండి, మూడు రెట్లు వేసి చూసి అక్కడ 435 స్టేషను లేకుండా ఫ్రీక్వెన్సీలు ముందే కాగితం మీద రాసుకోండి. రెండు యాంటెన్నాలూ ఒకే పైపు మీద అయితే ఒకదాని పైన ఒకటి, మధ్య 3 మీటర్లు.

తర్వాత వాట్లు. వరదల్లో అందరూ 100 కి తిప్పుతారు, కంగారులో. 100 నుంచి 25 కి తగ్గిస్తే అవతలివాడికి తగ్గేది 6 డీబీ, ఎస్ మీటరు మీద ఒక్క గీత. అదే రెండు రిగ్గుల సిగ్నళ్ళు మూడో రిసీవరులో కలిసి పుట్టించే మూడో రకం కలగాపులగం ఉంది చూశారూ, ఆ రెండూ 6 డీబీ చొప్పున తగ్గితే అది 18 డీబీ తగ్గుతుంది. బ్యాటరీ కూడా నిలుస్తుంది.

ఇన్ని చేసినా మిగిలేది ఉంటుంది, దానికి గడియారమే ఫిల్టరు. ప్రతి గంటా మొదటి పది నిమిషాలు హెచ్ఎఫ్ పంపకూడదు, ఆ సమయంలో లంకల నుంచి వచ్చే హ్యాండీల సన్నటి గొంతులు వీహెచ్ఎఫ్ వాళ్ళు వింటారు అని గోడ మీద రాసి అంటించండి. ఎవరి రిగ్గు నొక్కినా పక్కవాడికి కనపడేట్టు ఒక ఎర్ర బల్బు పెట్టండి, పీటీటీకి కలిపితే సరిపోతుంది. పోయిన ఏడాది మేము ఒక రిహార్సలులో ఆ బల్బు లేక గంటసేపు ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. జూన్ లోపల ఒకసారి అన్నీ ఒకేసారి నడిపి చూసుకోండి, గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాక తీరిక దొరకదు.

అమలాపురం క్లబ్బువాళ్ళు ఎటెన్యుయేటర్ పరీక్షలో ఏం తేలిందో పోస్టుకార్డు ముక్క రాయండి. 20 రిగ్గుదే తప్పు అని నా పందెం.